నేల ఋణం: హోవర్డు గ్రంథంపై ఒక విమర్శ

పంట కోసి ధాన్యం అమ్మిన రైతు తాను తెచ్చిన అప్పులన్నీ తీర్చవచ్చును. కాని నేలకు పడిన అప్పు మాటేమిటి? గింజతోబాటు చేను దాటిపోయిన నత్రజని, భాస్వరం, పొటాషియం తిరిగి నేలకు చేరుతున్నవా? సర్ ఆల్బర్ట్ హోవర్డు 1940లో ప్రకటించిన ‘యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’ అనే గ్రంథానికి ఈ ప్రశ్నే మూలం. సేంద్రియ వ్యవసాయాన్ని కోరేవారు నేటికీ దీనిని ప్రమాణంగా చూపుతారు. కనుకనే దీనిని జాగ్రత్తగా పరీక్షించవలసి ఉన్నది.

హోవర్డు 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయానికి వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చి, భార్య గేబ్రియల్‌తో కలిసి మేలైన గోధుమ రకాలు తయారుచేసినారు. 1924లో ఇండోరులో ఒక సంస్థను నెలకొల్పినారు. ఆకు అలము, పేడ, మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద పొరలుగా పేర్చి, తడిపి, గాలి సోకేటట్లు అప్పుడప్పుడు తిరగవేస్తే సుమారు మూడు నెలలకు కంపోస్టు తయారవుతుంది. ఈ ‘ఇండోరు పద్ధతి’ అక్కడ రూపొందినదే.

నేల, పైరు, పశువు, మనిషి ఒకే గొలుసులోని కడియాలని చూపడం ఈ గ్రంథపు గొప్పతనం. వేళ్ళతో కలిసి బ్రతికే శిలీంధ్రాల ప్రాముఖ్యాన్ని హోవర్డు గట్టిగా చెప్పినారు. వేరు ఆ శిలీంధ్రాన్నే జీర్ణించుకొని మాంసకృత్తులు పొందుతుందని ఆయన భావన. కాని శిలీంధ్రపు పోగులు మట్టిలోని భాస్వరాన్ని తెచ్చి వేరుకు ఇస్తాయనీ, బదులుగా చక్కెరలు పుచ్చుకొంటాయనీ తరువాతి పరిశోధనలలో తేలింది. ఆయన చూచినది నిజమే. చెప్పిన కారణం మాత్రం నిలువలేదు.

గ్రంథంలోని అసలు లోపం ఇటువంటి చోటనే ఉన్నది. గాలికుంటు సోకిన పశువులతో మూతులు రాచుకొన్నా తన ఎద్దులకు ఆ వ్యాధి రాలేదనీ, సారవంతమైన నేలలో పండిన మేతే అందుకు కారణమనీ ఆయన వ్రాసినారు. వేరొక మేత మేసిన ఎద్దులను అదే స్థితిలో ఉంచి పోల్చి చూపలేదు. పోలిక లేని పరిశీలన ప్రశ్నను లేవదీస్తుంది గాని జవాబు కాజాలదు.

అటువంటి పోలిక ఇంగ్లండులో అప్పటికే సాగుతున్నది. లాస్, గిల్బర్టు అనే శాస్త్రజ్ఞులు 1843లో రోథామ్‌స్టెడ్‌లోని బ్రాడ్‌బాక్ చేనిలో గోధుమపై ప్రయోగం ఆరంభించినారు. ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు, కొన్నింటికి రసాయనిక ఎరువులు, ఒకదానికి ఏమీ లేదు. చిన్న మళ్ళలో తేలినది వ్యవసాయానికి వర్తించదని హోవర్డు ఆక్షేపించినారు. కాని తగినంత రసాయనిక ఎరువు పొందిన మళ్ళు నూరేళ్ళకు పైగా పశువుల ఎరువు మడికి దీటుగా పండినవి. ఏమీ వేయని మడి హెక్టారుకు సుమారు టన్ను దగ్గర ఆగింది. అయితే పశువుల ఎరువు మడిలో సేంద్రియ కర్బనం రసాయనిక మళ్ళలోకంటె రెండింతలకు పైబడింది. ఆ మడినుంచే నైట్రేటు అధికంగా కారిపోయింది కూడా. ఏ పక్షానికీ పూర్తి విజయం దక్కలేదు.

‘తీసుకొన్నది తిరిగి ఇవ్వవలెను’ అన్న హోవర్డు సూత్రాన్నే లెక్క వేసి చూడవచ్చును. టన్ను వడ్లలో సుమారు 12 కిలోల నత్రజని ఉంటుంది. టన్ను పశువుల ఎరువులో సుమారు 5 కిలోలు. నాలుగు టన్నుల వడ్లతో పోయిన నత్రజని తిరిగి రావలెనంటే దాదాపు 10 టన్నుల ఎరువు కావలెను. ఆ ఎరువైనా ఎక్కడో పెరిగిన మేతనుంచి వచ్చినదే. పెసర, జనుము వంటి పైర్లు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చగలవు. భాస్వరాన్ని మాత్రం ఏ పైరూ గాలినుంచి తేలేదు. పట్టణానికి తరలిన భాస్వరం మురుగులో కలిసి పోతున్నంతకాలం కంపోస్టు ఒక్కటే ఆ లోటు పూడ్చలేదు.

ఈ లెక్కను మరచినవారికి నష్టం తప్పదు. శ్రీలంక 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, వరి దిగుబడి పడిపోగా బియ్యం దిగుమతి చేసుకొన్నది. నిషేధాన్ని ఆ ఏడే సడలించవలసివచ్చింది.

హోవర్డు గ్రంథం చదువదగినదే. పాఠశాల తోటలో ఒక మడికి కంపోస్టు, ఒకదానికి రసాయనిక ఎరువు, ఒకదానికి రెండూ వేసి, ఒకదానిని ఊరక వదలి, పంటను తూచి వ్రాసుకొనే విద్యార్థి ఆ గ్రంథంలోని మంచిని నిలుపుకొని, లోపాన్ని సరిదిద్దినవాడవుతాడు.