తాడు పట్టుకునేది ఎవరు?

సీలేరులో పారాచూట్ అంటే ముందు గుర్తొచ్చేది నీలం సీసాలో కొబ్బరినూనె. గుంటవాడ రిజర్వాయర్‌కు దగ్గర్లో టీ తాగుతూ నేను ఆ మాట ఎత్తగానే, బల్ల చివర కూర్చున్న తాత అరచెయ్యి నడినెత్తిన రుద్దుకుంటున్నట్టు చూపించి నవ్వాడు. పక్కనున్న మనవడు నవ్వలేదు. ఫోన్ తీసి ఒక వీడియో నా ముందు పెట్టాడు. విశాఖ ఆర్కే బీచ్ మీద నేవీ వాళ్లు ఆకాశంలోంచి జెండాతో దిగుతున్నారు.

"ఇలా దూకాలంటే ఏటి నేర్చుకోవాలి సార్?"

అలాంటిదే మరో వీడియో ఉంది, అది చూశావా అని అడిగాను. 2025 జనవరి మొదటి వారంలో అదే బీచ్‌లో, నౌకాదళ విన్యాసాల రిహార్సల్‌లో, ఇద్దరు అధికారుల పారాచూట్లు గాల్లో ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. గిరగిరా తిరుగుతూ ఇద్దరూ ఒడ్డుకు దగ్గరగా సముద్రంలో పడ్డారు. బోటు వెంటనే వెళ్లి తీసుకొచ్చింది, ప్రాణాలకు ఏమీ కాలేదు. బోటు అక్కడ సిద్ధంగా ఉందంటే, ఇలా కావచ్చని ఎవరో ముందే అనుకుని ఉంచారన్నమాట. కుర్రాడికి ఆ ఇద్దరూ కనిపించారు. నాకు ఆ బోటు కనిపించింది. స్కైడైవింగ్ గురించి నాకు తెలిసినదంతా ఈ తేడాలోనే ఉంది. దూకడం దాంట్లో చిన్న భాగం. పెద్ద భాగమంతా నేలమీద, ఎవరూ వీడియో తీయని చోట జరుగుతుంది.

ఆ సంగతి మనవడికంటే తాతకే తొందరగా అర్థమైంది. ఆయన అడ్డతీగ నారతో తాళ్లు పేనినవాడు. అడ్డాకు విస్తళ్లలో తిన్నవాళ్లందరికీ ఆకు తెలుసు, ఆ తీగ బెరడులో ఎంత గట్టి నార ఉందో మన్యం వాళ్లకే తెలుసు. అడ్డతీగల అని మండలానికి పేరే ఉంది. తాడు కొత్తదా పాతదా అన్నది కాదు, కట్టేముందు మొదటినుంచి చివరిదాకా వేళ్ల మధ్య నడిపి చూశావా లేదా అన్నదే లెక్క అన్నాడాయన. విదేశాల్లో పారాచూట్లతో దూకే డ్రాప్‌జోన్‌లో, ముప్పై ఏళ్లుగా వాటిని మడతపెట్టి సరిచూసే రిగ్గర్‌ను అడిగినా ఇదే చెబుతాడు.

నల్లమల చెంచుల్లో ఇంకో మెట్టు ముందుకెళ్లిన పద్ధతి ఉంది. కొండచరియకు పట్టిన పెద్ద తేనెపట్టు తీయడానికి మనిషి తాడు పట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడును కాచేది బావమరిది. అన్నదమ్ములకు ఆ పని ఇవ్వరు. అన్న పోతే ఆస్తో, వదినో తనకు దక్కుతుందన్న ఆశ తమ్ముడికి కలగవచ్చు. అక్కకో చెల్లికో తాళి తెగడం మాత్రం ఏ బావమరిదీ కోరుకోడు. ప్రేమ ఉందా లేదా అని పరీక్షించకుండా, స్వార్థం ఎటువైపు లాగుతుందో చూసి కట్టిన కట్టుబాటు ఇది. పారాచూట్ లోకం నడిచేది కూడా ఈ తర్కంతోనే, అక్కడ బంధుత్వం బదులు సంతకం ఉంటుంది.

ఆ సంతకం దగ్గరికి వచ్చేముందు గుడ్డ సంగతి. మొదట్లో పారాచూట్ పట్టుగుడ్డ, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నైలాన్ వచ్చింది. మధ్యలో మన తూర్పుదేశాల కథ ఒకటి ఉంది. 1944లో బర్మా యుద్ధంలో బ్రిటిష్ జనరల్ స్లిమ్ సైన్యానికి తిండీ తూటాలూ విమానాల్లోంచే పడాలి. కావలసినన్ని పారాచూట్లు లేవు. కలకత్తా జనపనార మిల్లుల్లో జనపగుడ్డతో గొడుగులు కుట్టించి వాటికి 'పారాజూట్' అని పేరు పెట్టారు. అసలు పారాచూట్ పనితనంలో నూటికి 85 పాళ్లు, ఖరీదులో ఇరవయ్యో వంతు అని స్లిమ్ తన జ్ఞాపకాల్లో లెక్క చెప్పాడు. శ్రీకాకుళం, విజయనగరాల గోగునారకు దగ్గరి చుట్టమే ఆ నార. మనుషుల్ని మాత్రం దాంతో దింపలేదు, సరుకులే. ఆ మిగిలిన 15 పాళ్లు బస్తాకు పట్టదు, మనిషికి పడుతుంది.

ఈరోజు వీడియోల్లో కనిపించేది గుండ్రటి గొడుగు కాదు, కుట్టిన రెక్క. 1964 ప్రాంతంలో డొమినా జాల్బర్ట్ అనే ఆయన కనిపెట్టిన నమూనా. పక్కపక్కనే ఏడో తొమ్మిదో అరలు, ముందు నోళ్లు తెరిచి ఉంటాయి. గాలి ఆ నోళ్లలోకి దూరి గుడ్డను విమానం రెక్కలా బిగదీస్తుంది. అందుకే ఇది నిట్టనిలువుగా పడదు, ముందుకు ఎగురుతుంది, చేతుల్లోని రెండు పట్టీలతో కుడికీ ఎడమకీ తిప్పుకోవచ్చు, నేల దగ్గర రెండూ కిందికి లాగితే బ్రేకు వేసినట్టు ఆగుతుంది.

ఇంత పెద్ద రెక్కను బడిపిల్లల సంచి అంత చోటులో సర్దడమే అసలు విద్య. చూస్తుంటే చీరల దుకాణంలో పట్టుచీర మడత పెడుతున్నట్టే ఉంటుంది. ముందు తాళ్లన్నీ మెలిక లేకుండా, ఒంటికి కట్టుకునే హార్నెస్ నుంచి గుడ్డదాకా తిన్నగా ఉన్నాయో లేదో చూస్తారు. తాళ్లను భుజంమీద వేసుకుని, వేలాడే గుడ్డ ముందున్న నోళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. తాళ్ల వరసల మధ్య ఇరుక్కున్న గుడ్డను బయటికి లాగి పొరలు పొరలుగా సరిచేస్తారు. తర్వాత స్లైడర్. నాలుగు మూలలా నాలుగు రింగులున్న చదరపు గుడ్డముక్క, తాళ్లు ఆ రింగుల్లోంచి వస్తాయి. దీన్ని పైదాకా, గుడ్డకు తగిలేంతవరకూ నెట్టి ఉంచాలి. రెక్క తెరుచుకునేటప్పుడు గాలి స్లైడర్‌ను పైకే తంతూ ఉంటుంది కాబట్టి అది మెల్లగా కిందికి జారుతుంది, ఆ జారే మూడు నాలుగు సెకన్లలో రెక్క విప్పారుతుంది. అది పైన లేకపోతే ఒక్క కుదుపులో తెరుచుకుంటుంది, అప్పుడు చిరిగేది గుడ్డో మనిషో చెప్పలేం. ఆ తర్వాత వెనక అంచును చుట్టి, నేలమీద పరిచి, మోకాళ్లతో గాలి పిండేసి, పాములా మెలికలు తిప్పుతూ బ్యాగులోకి తోస్తారు. మిగిలిన తాళ్లను రబ్బరు బ్యాండ్లలో జానెడు జానెడుగా మడిచి పెడతారు. చెయ్యి తిరిగినవాళ్లకు ఇదంతా పది పదిహేను నిమిషాల పని.

ఇక్కడ ఒక చిన్న మరుపు ఉంది, అది ఎంత చిన్నదో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నానేమో. మెయిన్ పారాచూట్‌ను సంచిలోంచి బయటికి లాగేది పైలట్ చూట్ అనే బుల్లి గొడుగు. పని అయ్యాక అది తనంతట తానే ముడుచుకుపోవాలని దాని లోపల ఒక దారం పెట్టారు. అందువల్ల ప్రతిసారీ మడతపెట్టేటప్పుడు ఆ దారాన్ని మళ్లీ లాగి దాన్ని సిద్ధం చెయ్యాలి. మరిచిపోతే, దూకినవాడు దాన్ని గాల్లోకి విసిరినా అది నలిగిన చేతిరుమాలులా వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, సంచి తెరుచుకోదు. దీనికోసమే ఒక బుల్లి కిటికీ ఉంచి, సిద్ధంగా ఉంటే అందులో రంగుదారం కనిపించేలా చేశారు. విమానం ఎక్కేముందు ఆ రంగు చూడాలి. మడతపెట్టినవాడూ చూడాలి, దూకేవాడూ చూడాలి.

మెయిన్ పారాచూట్‌ను దూకేవాడే మడతపెట్టుకోవచ్చు. అది పనిచేయకపోతే వాడే రెండోదాని సంగతి వేరు. రిజర్వ్ పారాచూట్‌ను లైసెన్సున్న రిగ్గర్ తప్ప ఎవరూ ముట్టకూడదు. అమెరికా నిబంధనల ప్రకారం 180 రోజులకోసారి, వాడినా వాడకపోయినా, విప్పి చూసి మళ్లీ మడతపెట్టాలి. పని అయ్యాక ఎర్రదారం కట్టి సీసపు ముద్ర నొక్కుతాడు. ఆ ముద్రమీద అతని గుర్తు ఉంటుంది, జేబులో ఉండే కార్డుమీద తేదీ, సంతకం ఉంటాయి. రిజర్వ్ తెరుచుకోకపోతే ఎవరిని అడగాలో ఆ కార్డే చెబుతుంది. చెంచుల బావమరిది ఇక్కడ కాగితం రూపంలో ఉన్నాడు.

మనుషులు మరిచిపోతారనీ స్పృహ తప్పుతారనీ ఊహించి చేసినవి ఇంకా ఉన్నాయి. 1991లో జర్మనీలో వచ్చిన సైప్రెస్ అనే చిన్న పెట్టె గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్కగడుతూ ఉంటుంది. దాదాపు 750 అడుగుల ఎత్తులో కూడా మనిషి ఇంకా రాయిలా పడుతున్నాడని తేలితే, రిజర్వ్‌ను మూసి ఉంచిన తాడును తానే కోసేస్తుంది. పాడైన మెయిన్‌ను వదిలించుకోవడానికి బిల్ బూత్ 1970ల్లో చేసిన మూడు రింగుల కొక్కెం మరీ ముచ్చటైనది. పెద్ద రింగులోంచి మధ్య రింగు, దాంట్లోంచి చిన్న రింగు, ఆ చిన్నదాన్ని పట్టి ఉంచేది సన్నని తాడు ఉచ్చు. ఒక్కో రింగు దగ్గర బరువు తగ్గుతూ పోయి, మనిషి బరువంతా మోసే ఆ కొక్కెం చివరికి రెండు వేళ్లతో లాగితే విడిపోతుంది.

ఇక టాండెమ్. పర్యాటకులు దూకేదంతా ఇదే. శిక్షకుడి ఛాతీకి మన వీపును నాలుగు చోట్ల కొక్కేలతో కట్టి ఇద్దరూ ఒక్కటిగా దూకుతారు. ఇది 1980ల మొదట్లో పుట్టింది. ఇద్దరి బరువుతో పడితే వేగం గంటకు 290 కిలోమీటర్ల దాకా పోతుంది, ఆ వేగంలో రెక్క తెరుచుకుంటే తట్టుకోవడం కష్టం. అందుకే దూకిన కొన్ని సెకన్లకే శిక్షకుడు డ్రోగ్ అనే బుల్లి గొడుగు వెనక్కి వదులుతాడు. ఎద్దుబండి దిగుడులో పోతుంటే చక్రానికి కట్టె అడ్డం పెట్టినట్టు, అది వేగాన్ని 200 దగ్గర పట్టి ఉంచుతుంది. 10,000 నుంచి 13,000 అడుగుల ఎత్తులో మొదలై, అర నిమిషమో ముప్పావు నిమిషమో పడి, 5,000 అడుగుల దగ్గర రెక్క తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి ఐదారు నిమిషాల ప్రయాణం.

కట్టుకున్నవాడు చెయ్యాల్సినవి మూడే. తలుపు దగ్గర చేతులు ఛాతీ పట్టీలమీద, తల వెనక్కి శిక్షకుడి భుజంమీద, కాళ్లు వెనక్కి మడిచి. తలుపు చట్రాన్ని పట్టుకోవాలని ప్రాణం గుంజుతుంది, పట్టుకోకూడదు. గాల్లో నడుము ముందుకు, విల్లులా. దిగేటప్పుడు రెండు కాళ్లూ తిన్నగా పైకెత్తి, కూర్చున్నట్టు జారాలి. జలుబు ఉన్నరోజు వెళ్లకండి, చెవుల్లో నొప్పి తప్పదు. కడుపు మాడ్చుకుని వెళ్లడం కూడా తెలివి కాదు. డబ్బు కట్టేముందు అడగాల్సింది మాత్రం ఫొటోల ప్యాకేజీ గురించి కాదు. శిక్షకుడు ఎన్నిసార్లు దూకాడో అడగండి. అమెరికాలో టాండెమ్ శిక్షకుడికి కనీసం మూడేళ్ల అనుభవం, 500 దూకుళ్లు ఉండాలి. రిజర్వ్ కార్డు చూపించమనండి. మంచి చోట ఈ ప్రశ్నకు ముఖం వికసిస్తుంది. చిరాకుపడితే బస్సెక్కి ఇంటికి రండి.

కుర్రాడు ఇదంతా విని, మన సీలేరులో ఎందుకు పెట్టకూడదు అన్నాడు. పైకి చూడమన్నాను. అప్పర్ సీలేరు విద్యుత్కేంద్రం నుంచి కొండల మీదుగా పోయే హైటెన్షన్ తీగలు. స్కైడైవర్‌కు అన్నిటికంటే భయంకరమైనవి అవే. ఎక్కడ దిగినా ఫరవాలేదు, వాటిలో దిగకూడదు. తర్వాతది నీళ్లు. నీళ్లమీదికే పోతున్నామని తేలితే ఛాతీ పట్టీ ముందే వదులు చేసుకోవాలి, తడిసిన గుడ్డ తలమీద పడితే దాని కుట్టు ఒకటి పట్టుకుని అంచుదాకా పోవాలి. చెట్ల మీదైతే కాళ్లు గట్టిగా దగ్గర చేర్చి, మోచేతులతో ముఖం కప్పుకుని, చిక్కుకున్నాక అక్కడే వేలాడుతూ ఉండాలి. దిగే ప్రయత్నంలోనే ఎముకలు విరుగుతాయి. ఈ లోయలో ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, లంబసింగి వైపు నుంచి వచ్చే మంచు అదనం. మన దేశంలో ఈ ఆట ఆడే చోట్లు తక్కువే. హరియాణాలో నార్నౌల్ ఎయిర్‌స్ట్రిప్ ఒకటి. 2022లో కేంద్రం తెచ్చిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో స్కైడైవింగ్ కూడా ఉంది. టాండెమ్‌తో ఆగక సొంతంగా నేర్చుకోవాలంటే మొదట్లో ఇద్దరు శిక్షకులు రెండువైపులా పట్టుకుని దూకిస్తారు, అమెరికా పద్ధతిలో 25 దూకుళ్లకు మొదటి లైసెన్సు. ఖర్చు మాత్రం మన్యం ఇళ్లకు అందేది కాదు.

డబ్బు పెట్టకుండా దూకే దారి సైన్యం. పారా దళాలకు ఎవరికి వాళ్లు ముందుకు రావాలి. ఆగ్రా శిక్షణ పాఠశాలలో నేలమీద పడటం నేర్పడంతోనే పాఠం మొదలు. పాదాలు, పిక్క, తొడ, తుంటి, వీపు, ఈ వరుసలో నేలను తాకుతూ దొర్లాలి. ఐదు దూకుళ్లు, అందులో ఒకటి రాత్రిపూట, అప్పుడు ఛాతీమీద రెక్కల బ్యాడ్జి. 1941లో మన సైన్యంలో మొట్టమొదట దూకిన భారతీయుల్లో ఒకరు లెఫ్టినెంట్ ఏ.జి. రంగరాజ్. ఆయన డాక్టరు. 1959లో దూకిన మొదటి భారతీయ మహిళ గీతా చంద కూడా డాక్టరే. ఎముకల సంగతి బాగా తెలిసినవాళ్లే ముందు దూకారు.

కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించినది కాదు.

"దూకకుండా, ఆ మడతపెట్టే పనొక్కటే చెయ్యొచ్చా సార్?"

చెయ్యొచ్చు. పెద్ద డ్రాప్‌జోన్లలో మడతకు ఇంతని కూలి ఇస్తారు. రిగ్గర్ కావాలంటే అమెరికాలో లైసెన్సున్న రిగ్గర్ కళ్లముందు, తాను లైసెన్సు కోరే రకం పారాచూట్లు కనీసం 20 మడతపెట్టి చూపించాలి, రాత పరీక్ష, చేతి పరీక్ష పాసవ్వాలి.

తాత టీ గ్లాసు కింద పెట్టాడు. "వీడు మడతపెట్టినవాటితో దూకి చూసేదెవరు?"

అమెరికా సైన్యంలో రిగ్గర్ పని నేర్చుకునేవాళ్లను, వాళ్లు మడతపెట్టినదాంతో వాళ్లనే దూకిస్తారని చెప్పాను. ముసలాయన తల పంకించి, అయితే సరేనన్నట్టు మనవడి వైపు చూశాడు.