కథల్లో లేని నెలలు

రొమ్ము క్యాన్సర్ సాహిత్యంలోకి వచ్చినప్పుడు మనకు గుర్తుండేది చావో, కోతో. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని'లో యశోద హాల్దార్ల ఇంటి పిల్లలకు పాలిచ్చి సంసారం ఈదుతుంది. చివరికి ఆ రొమ్ముకే క్యాన్సర్ వచ్చి ఆసుపత్రిలో దిక్కులేకుండా పోతుంది. ఆడ్రీ లార్డ్ 1980లో వచ్చిన 'ది క్యాన్సర్ జర్నల్స్'లో కృత్రిమ రొమ్ము పెట్టుకోనని తెగేసి చెప్పింది. యశోదకు వైద్యం అందేసరికే ఆలస్యమైపోయింది. లార్డ్ మాట్లాడింది రొమ్ము తీసేశాక. ఈ రెంటి మధ్య ఉన్న ప్రశ్న ఒకటుంది: కీమో ఆపరేషన్‌కు ముందా, తర్వాతా?

తిరుపతి స్విమ్స్‌లో, 2022లో అక్కడే మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రిలో, చిత్తూరు వాళ్లు వెళ్లే వేలూరు సీఎంసీలో ఈనాటి స్త్రీల ముందుకొచ్చే ప్రశ్న ఇది. అమెరికాలో 1988లో మొదలై, 1,500 మందికి పైగా స్త్రీలు పాల్గొన్న బి-18 పరిశోధన దీన్ని పరీక్షించింది. అవే మందులు ముందిచ్చినా తర్వాతిచ్చినా ఆయుష్షులో తేడా రాలేదు. ముందిస్తే గడ్డ కరిగి, ఇంకొంతమందికి రొమ్ము నిలిచింది. ఇప్పుడు హెర్-2, ట్రిపుల్ నెగటివ్ రకాల్లో గడ్డ పెద్దదైతే ముందే ఇవ్వడం మామూలు. మందుకు గడ్డ ఎలా లొంగిందో చూసి తర్వాతి వైద్యం నిర్ణయిస్తారు.

అయితే రొమ్ము నిలుపుకుంటే సాధారణంగా రేడియేషన్ తప్పదు. వారాల తరబడి రోజూ ఆసుపత్రికి తిరగాలి. పల్లెలో కూలికి పోయే మనిషికి బస్సు ఛార్జీలు, పోయే కూలి, ఇంట్లో వంట అన్నీ లెక్కకొస్తాయి. "ఈ వయసులో అదెందుకు, తీసేయండి" అని భర్తో కొడుకో ఆమె తరఫున చెప్పేస్తే, ఆమెకేం కావాలో ఎవరడిగారు?

ముందు కీమో అంటే రొమ్ము ఉండగానే జుట్టు రాలుతుంది. తిరుపతి వీధుల్లో గుండుతో ఉన్న ఆడమనిషిని చూసి మొక్కు తీర్చుకుందనుకుంటారు. ఆ మరుగు కొందరికి ఊరట కావచ్చు. తలనీలాలు ఆమె ఇచ్చినవి. ఈ జుట్టు ఆమెను అడక్కుండానే పోయింది. ఒక్కోసారి గడ్డ స్కాన్‌లో కనబడనంతగా కరిగిపోతుంది. అది ఉన్న చోటు తెలియడానికి ముందే ఓ చిన్న లోహపు క్లిప్పు పెట్టి ఉంచుతారు. కనబడని గడ్డ కోసం కత్తి కిందికి వెళ్లే ఆ ఉదయం ఆమె మనసులో ఏముంటుంది?

శరీర రాజకీయాల గురించి ఇంత రాసుకున్న మనం ఈ నెలల గురించి కూడా రాయాలి. ఆ కథలో నిర్ణయం ఎవరు తీసుకున్నారో, ఆమెను అడిగారో లేదో చెప్పాలి.