మైకుకి అవతలి మనిషి

1967 సెప్టెంబర్ 30, ఉదయం 7 గంటలకు బీబీసీ రేడియో 1 మొదలైంది. లోకం గుర్తుపెట్టుకున్నది అనౌన్సర్ టోనీ బ్లాక్‌బర్న్ గొంతు, ‘ద మూవ్’ బృందం పాట. ఆ తొలి కార్యక్రమానికి ప్రొడ్యూసర్ జానీ బీర్లింగ్ పేరు ఎంతమందికి తెలుసు?

అప్పట్లో పాట వేయడమంటే రికార్డు మీద ముల్లు పెట్టి, తొలి స్వరం దొరికాక చేత్తో అర చుట్టు వెనక్కి తిప్పి ఆపాలి. వదిలితే ప్లేటు వేగం అందుకునే సరికి పాట సరిగ్గా మొదలవుతుంది. గాయకుడు నోరు తెరిచేలోపు అనౌన్సర్ మాట ముగించాలి. సముద్రంలో ఓడల మీంచి ప్రసారం చేసిన పైరేట్ రేడియోల కుర్రాళ్లకు ఇదంతా మంచినీళ్ల ప్రాయం. పద్ధతులు, ఫైళ్లు ఉన్న బీబీసీలో ఆ శైలిని ఇమడ్చడమే ప్రొడ్యూసర్ అసలు పని. పైగా రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వేయాలన్న ఆంక్ష ఒకటి. మిగతా సమయానికి బ్యాండ్లను స్టూడియోకి పిలిచి వాయింపించుకోవాల్సిందే.

1973లో బీర్లింగ్ చొరవతో రేడియో 1 రోడ్‌షో బండి కార్న్‌వాల్ తీరాన న్యూకీలో ఆగింది. స్టేషనే జనం దగ్గరికి వెళ్లింది! నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే. రేడియో 1 కంట్రోలర్ కుర్చీ (1985–93) తర్వాతి మాట. అయినా ఆ హయాంలోనే, 1988 నుంచి, రేడియో 1కి దేశవ్యాప్తంగా సొంత ఎఫ్ఎం దక్కడం మొదలైంది. అంతవరకూ రేడియో 1 పాటలు ఎక్కువగా గరగరలాడే మీడియం వేవ్ మీదే.