ముందు నోరు, తర్వాత కాడి

బండలాగుడు పోటీల్లో రిఫరీ దగ్గరికి వచ్చే తగాదాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి పళ్ళ తగాదాలే. సంక్రాంతికీ, శివరాత్రి తిరునాళ్ళకీ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒంగోలు గిత్తల్ని రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విడదీసి దింపుతారు. ఆపైన సేద్యం, జూనియర్, సీనియర్ విభాగాలు. చాలా గిత్తలకు పుట్టిన తేదీ కాగితం ఉండదు. నోరే సర్టిఫికెట్.

దూడకు కింది దవడ ముందు ఎనిమిది పాలపళ్ళుంటాయి. నడిమి జత ఊడి పెద్ద పళ్ళొస్తే అది రెండు పళ్ళ గిత్త. అలా నడిమి నుంచి అంచులకు జతజతగా మారుతూ పోతాయి. మేతను బట్టి, జాతిని బట్టి నెలల తేడా వస్తుంది. అందుకే రైతు "మా గిత్త ఈడు చిన్నదండీ, పళ్ళే తొందరపడ్డాయి" అంటాడు. నిజమే కావచ్చు. కానీ విభాగానికి పళ్ళ పేరు పెట్టాక పళ్ళే చూడాలి. ఫుట్‌బాల్‌లోనూ ఇదే తీరు: 2009లో ఫిఫా పదిహేడేళ్ళలోపు కుర్రాళ్ళ ప్రపంచకప్పుకు ఈడు తేల్చడానికి మణికట్టు ఎమ్మారై మొదలుపెట్టింది. ఎముక చెప్పేదీ ఉజ్జాయింపే, అయినా అందరికీ ఒకే గీత గీశారు.

చిక్కంతా ఏడో పన్ను దగ్గర. ఆరు పళ్ళ గిత్తకు అంచు పాలపన్ను ఊడి, కొత్తది తెల్లగా తొంగిచూస్తుంటుంది. ఊడిన పన్ను లెక్కలోకి రాదు, చిగుళ్ళు దాటి వేలికి తగిలే పన్ను వస్తుంది. ఇది నా పద్ధతి. కమిటీ మరోలా అనుకుంటే అలాగే కానివ్వండి, పేర్లు రాసుకునేటప్పుడే మైకులో చెప్పాలి. జతలో ఒకటి ముదిరితే ముదిరినదాని పళ్ళే లెక్క.

అడుగులు కొలిచాక, ఓడినవాళ్ళు "ఆ దాపటి గిత్త నోరు చూడండి" అంటే మాత్రం ఒప్పుకోను. గిత్త రొప్పుతూ ఉంటుంది, చుట్టూ జనం. అప్పుడు నోట్లో చెయ్యి పెట్టడం పశువుకు హింస, పట్టేవాడికి ప్రమాదం. చల్లపూట, చీటీలు తీయకముందే, పశువైద్యుణ్ణీ పోటీకొచ్చిన యజమానులందర్నీ పక్కన నిలబెట్టుకుని చూడాలి. పెదవి దించితే చాలు, నిమిషం పట్టదు. సంఖ్య పుస్తకంలో రాసి ఎదుటి జతవాళ్ళ సంతకం తీసుకోవాలి. పెట్టనన్నవాడి అభ్యంతరం అక్కడే విని అక్కడే తేల్చాలి.

కాడి ఎత్తాక నేను వినే ఫిర్యాదు ఒక్కటే: చూపించిన గిత్త బదులు వేరేదాన్ని కట్టారని. తెల్లటి ఒంగోలు గిత్తలు దూరానికి ఒకేలా కనిపిస్తాయి మరి. అందుకే పళ్ళతోపాటు కొమ్ముల తీరు, మచ్చలు, చెవికి వేసిన పోగు మీది పన్నెండంకెల నంబరు కూడా రాయిస్తాను.