‘చాలు’ అంటే ఆగే చెయ్యి

విజయదశమి రాత్రి అమలాపురం వీధిలో జనం గుండ్రంగా చోటు వదులుతారు. కళ్లకు గంతలు కట్టుకున్న కుర్రాడు మధ్యలోకి వచ్చి కత్తి ఎత్తుతాడు. అతని కాళ్ల దగ్గర ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఒంటిమీద ఓ కూరగాయో కొబ్బరికాయో ఉంటుంది. కత్తి దిగుతుంది, కాయ రెండు చెక్కలవుతుంది, ఒంటిమీద గీతైనా పడదు. ఈలలు మోగిపోతాయి.

అందరి కళ్లూ కత్తి పట్టినవాడి మీదే ఉంటాయి. కింద పడుకున్నవాణ్ని కూడా ఒకసారి చూడమని నా మనవి. తన ప్రాణాన్ని తోటివాడి చేతిలో పెట్టి కదలకుండా పడుకోవడానికి ఎన్నేళ్ల నమ్మకం కావాలి! ఆ నమ్మకాన్ని తయారుచేసే చోటే తాలింఖానా.

పెనుగొండవాళ్లకు ఈ సంబరం దూరమేమీ కాదు. సిద్ధాంతం గ్రామం దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన దాటి, రావులపాలెం మీదుగా వెళ్తే అమలాపురం వచ్చేస్తుంది. అక్కడి కొంకాపల్లి, మహిపాలవీధి, రవణంవీధి, గండువీధి, నల్లావీధి ఒక్కొక్కటీ తన అమ్మవారి వాహనాన్ని ఊరేగిస్తాయి. వాహనాల ముందు యువకులు ప్రదర్శించే కర్రసాము, కత్తిసాము, అగ్గి విన్యాసాలనే చెడీ తాలింఖానా అంటారు. తాలిం అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. నేర్పేవాడు వస్తాదు. అమ్మవారి పండుగలో అరబ్బీ, పారశీ మాటలు ఇంత సొంతంగా ఒదిగిపోయాయంటే, ఈ విద్య ఏ ఒక్కరి సొత్తూ కాదని అర్థం. అచ్చంగా మన మాట కావాలంటే సాముగరిడీ ఉండనే ఉంది.

మణికట్టులో ఉంది మర్మం

మంచి వస్తాదు మొదటి రోజే కర్ర చేతికివ్వడు. ముందు దండీలు, బస్కీలు తీయిస్తాడు. ఆ తర్వాత అడుగులు నేర్పుతాడు. కర్ర తిరగాలంటే ముందు కాలు తిరగాలి. భుజబలంతో తిప్పేవాడు కాసేపటికే అలిసిపోతాడు, అలిసిన చెయ్యి గురి తప్పుతుంది. తిప్పాల్సింది మణికట్టుతో. ఒక్కడే తిప్పడం బాగా అలవాటయ్యాకే ఎదుట ఇంకొకణ్ని నిలబెడతారు. అప్పుడు కూడా మొదట నెమ్మదిగా, లెక్కపెట్టుకుంటూ. ఎవరు కొడతారో, ఎవరు కాచుకుంటారో ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

అసలు పరీక్ష ఆ తర్వాత వస్తుంది. పూర్తి వేగంతో వచ్చిన కర్ర ఎదుటివాడి కణతకు జానెడు దూరంలో ఆగాలి. కొట్టడం ఎవరికైనా వస్తుంది. ఆ జానెడు దూరం సంపాదించడానికే ఏళ్లు పడతాయి.

జాగ్రత్తలు కూడా ఈ విద్యలో భాగమే. ఆట మొదలయ్యే ముందు వెదురుకర్రను వేళ్లతో తడిమి చూడాలి. చీలిక కనిపిస్తే పక్కన పడేయాలి. చూసేవాళ్లను కర్ర పొడవు, చెయ్యి పొడవు, ఆపైన ఇంకో నాలుగడుగుల అవతల నిలబెట్టాలి. నిప్పుతో ఆడేవాడు నైలాన్ బట్టలు వేసుకోకూడదు. తడిపిన గోనెసంచి పట్టుకుని ఒక మనిషి అక్కడే సిద్ధంగా ఉండాలి. తాగి వచ్చినవాడు ఎంత మొనగాడైనా ఆ రాత్రి బరిలో అడుగుపెట్టకూడదు. పండగపూట మొహమాటపడి ఈ ఒక్క నియమాన్ని సడలిస్తే మిగతా నియమాలన్నీ వృథా.

ఈ జాగ్రత్త వేరే దేశాల విద్యల్లోనూ ఉంది. జపాన్‌లో 1882లో జిగొరో కానో జూడోకు కొడోకాన్ అనే శిక్షణాలయం పెట్టాడు. అక్కడ చేరినవాడు పడేయడం కన్నా ముందు పడడం నేర్చుకుంటాడు. పట్టు బిగిసినప్పుడు చేత్తో రెండుసార్లు తడితే చాలు, అవతలివాడు తక్షణం వదలాలి. గెలుపు అంచున ఉన్నా సరే వదలాల్సిందే. మన గోదాలోనైనా, జూడో చాపమీదైనా మర్యాద ఒకటే. ‘చాలు’ అన్న మాట చెల్లాలి.

గురువు చేతిలో బలం

ఆ మాట తోటి శిష్యుల మధ్యే కాదు, గురువు దగ్గరా చెల్లాలి. ఇది చెప్పడానికి మనం సంకోచిస్తాం. గురువును ప్రశ్నిస్తే అపచారమనుకుంటాం. సాము నేర్పేవాడు పిల్లల ఒంటిమీద చెయ్యి వేసి భంగిమ సరిదిద్దాల్సిందే, దెబ్బ ఓర్చుకోమని చెప్పాల్సిందే. చెడ్డవాడికి ఆ చనువే ముసుగవుతుంది. 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన కుస్తీ క్రీడాకారిణులు లైంగిక వేధింపులు జరుగుతున్నాయంటూ ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర బైఠాయించారు. అంతటి బలవంతులే గొంతు విప్పడానికి వీధికెక్కాల్సి వస్తే, మన వీధి చివరి కరాటే క్లాసులో పన్నెండేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

అలాంటి పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక నేరానికి పాల్పడినవాడు వాళ్ల నమ్మకం పొందిన స్థానంలో ఉన్నవాడైతే శిక్ష మరింత కఠినం. విషయం తెలిసిన పెద్దలు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడమే నేరం. 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది. నిజాయితీగల వస్తాదుకు వీటితో భయం లేదు. అతను తలుపులు తెరిచే నేర్పుతాడు. తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటే సంతోషిస్తాడు. ఒంటరిగా రమ్మని ఏ పిల్లనూ పిలవడు. దెబ్బ తగిలిన పిల్లవాణ్ని ‘మగాడివి కాదా’ అని ఎగతాళి చెయ్యడు, ఆట ఆపి దెబ్బ చూస్తాడు.

పెనుగొండలో ఈ మాటకు ఇంకో బరువుంది. వాసవీ కన్యకాపరమేశ్వరి కథ పుట్టిన ఊరిది. విష్ణువర్ధనుడనే రాజు తనను పెళ్లాడాలని పట్టుబడితే, ఒక ఆడపిల్ల ఒప్పుకోనంది. తనకోసం రక్తం పారకూడదని కూడా అంది. ఆ మాట రాజు చెవికెక్కలేదు. చివరికి ఆమె, ఆమె వెంట నిలిచిన నూటరెండు గోత్రాలవారు అగ్నిలో అడుగుపెట్టారని కథ చెబుతుంది. ఆడపిల్ల కాదన్న మాటను వినని బలం ఎంత నష్టం తెస్తుందో చెప్పడానికి ఆ ఊరికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. వద్దంటే ఆగే బలాన్ని పెంచడమే మనం ఆమెకు చేయగల పూజ.

మీ అబ్బాయినో అమ్మాయినో సాముకో, కరాటేకో పంపాలనుకుంటే ముందు ఒక సాయంత్రం వెళ్లి ఓ మూల కూర్చోండి. గోడమీది పతకాలను తర్వాత చూడొచ్చు. అక్కడి పిల్లల్లో అందరికన్నా చిన్నది ‘చాలు’ అన్నప్పుడు ఎవరెవరి చేతులు ఆగుతాయో చూడండి.