ధైర్యవచనం - శోకభావం: మహమ్మారి సాహిత్యంపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. అదే నెల 25 నుంచి మన దేశంలో లాక్‌డౌన్ అమలైంది. మహమ్మారి తొలి సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ఆ సంస్థే 2022 మార్చిలో వెల్లడించింది. ఈ కాలంలో తెలుగులో కరోనా కవితలు, కథలు విరివిగా వెలువడ్డాయి. ‘మనోధైర్యం’, ‘కరోనాపై యుద్ధం’ అనే మాటలు ప్రసంగాల నుంచి పద్యాల దాకా వ్యాపించాయి. ఈ ధైర్యవచనం బాధితుల వేదనకు ఎంతవరకు న్యాయం చేసిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. ఉత్సాహం చాటున శోకం

యుద్ధమనే రూపకం వీరరసానికి చెందినది. దాని స్థాయిభావం ఉత్సాహం. మహమ్మారి జనంలో రేపినవి శోకం, భయం. ఇవి కరుణ, భయానక రసాలకు స్థాయిభావాలు. భరతుడు చెప్పిన 33 వ్యభిచారిభావాలలో చింత, దైన్యం, శంక, త్రాసం, జడత, విషాదం ఉన్నాయి. ధైర్యానికి దగ్గరైన ధృతి వాటిలో ఒకటి మాత్రమే. నిలిచిపోయిన కూలి, ఒంటరి గది, ఆక్సిజన్ కోసం నిరీక్షణ అనే విభావాలు అలాగే ఉండగా ధృతిని మాత్రమే కోరడం రసదృష్టితో చూసినా అసంగతం. ధైర్యవచనం కొందరికి ఊరటనిచ్చిన మాట నిజమే. అయితే యుద్ధ రూపకంలో ఏడ్చేవాడు పిరికివాడవుతాడు. సామాజికమైన వేదన వ్యక్తి బలహీనతగా మారిపోతుంది.

3. రెండు పూర్వరచనలు

రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూ కథ ‘క్వారంటీన్’లో ప్లేగు కంటే క్వారంటీనే జనాన్ని ఎక్కువగా భయపెడుతుంది. అక్కడ రోగులకు తోడుగా నిలిచినవాడు పారిశుద్ధ్య కార్మికుడైన భాగూ. చివరికి సన్మానం మాత్రం వైద్యుడికి దక్కుతుంది. భాగూ భార్యను పోగొట్టుకున్న దుఃఖానికి ఆ సభలో చోటు లేదు. వీరగాథ ఎవరి శోకాన్ని మరుగుపరుస్తుందో ఈ కథ చూపింది.

యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల ‘సంస్కార’ (1965)లో ప్లేగుతో మరణించిన నారణప్పకు అంత్యక్రియలు ఎవరు చేయాలన్న చర్చతో అగ్రహారం స్తంభించిపోతుంది. చివరికి అతని సహచరి చంద్రి ఒక ముస్లిం వ్యాపారి సాయంతో రాత్రివేళ దహనం చేయిస్తుంది. శాస్త్రచర్చ తీర్చలేనిదాన్ని అనుబంధం తీర్చింది.

ఈ రెండు రచనలలోనూ వేదనకు మూలం తెగిన మానవసంబంధం. ఉపశమనం మరో మనిషి తోడు.

4. పరామర్శ లేని మరణం

తెలుగువారి జీవనంలో మరణానంతరం బంధువులు వచ్చి పలకరించడం, కలిసి ఏడవడం, పెద్దకర్మనాడు ఒకచోట చేరడం దుఃఖాన్ని పంచుకునే పద్ధతులు. లాక్‌డౌన్ నిబంధనలు అంత్యక్రియలకు 20 మందిని మించి అనుమతించలేదు. కోవిడ్ మరణాలలో ఎన్నో కుటుంబాలకు కడసారి చూపు కూడా దక్కలేదు. వ్యాధినివారణకు ఆ కట్టడి అవసరమై ఉండవచ్చు. కానీ ఏడవడానికి తోడు లేని శోకం తీరని శోకంగానే మిగులుతుంది. ఫోనులో వినిపించిన ‘ధైర్యంగా ఉండండి’ అనే మాట పరామర్శకు ప్రత్యామ్నాయం కాలేకపోయింది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం 14416 నంబరుతో టెలి-మానస్ సేవను ప్రారంభించింది. వేదనకు ఉపదేశంతో పాటు వినే మనిషి కూడా కావాలన్న గుర్తింపు అందులో ఉంది.

5. ముగింపు

కరోనా సాహిత్యంపై జరిగే పరిశోధనలు వస్తువర్గీకరణ దగ్గర ఆగిపోకూడదు. ఒక రచన బాధితుడికి ధైర్యం చెప్పిందా, లేక అతని మాట విన్నదా అన్నది విమర్శకు ప్రమాణం కావాలి. మొదటి రకం రచనలు ఆ సందర్భంతోనే ముగుస్తాయి. రెండో రకం రచనలు ఆనాడు ఏడవలేకపోయిన కుటుంబాలకు ఆలస్యంగానైనా అందే పరామర్శలవుతాయి.