ఒంటె మీద బరువు

మా మేనకోడలు ఈ వారమే జైసల్మేర్ చూసి వచ్చింది. వచ్చీ రాగానే ఫోనులో వీడియో చూపించింది. సమ్ ఇసుక తిన్నెలు, దిగిపోతున్న సూర్యుడు, మెడలకు రంగురంగుల కుచ్చులు కట్టిన ఒంటెలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద ఇది. ఎలా ఉందే అని ఆశగా అడిగాను. “ఏముందత్తా, ఎక్కాం, ఊగాం, ఇరవై నిమిషాల్లో దించేశారు. నడుం పట్టేసింది” అంది. ఆ మాట రెండు రోజుల పాటు నాకు మింగుడు పడలేదు.

ఈ కాలమ్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు నా పంతం తెలుసు. బండి తోలడం గురించి రాసినా, మగ్గం గురించి రాసినా అన్నది ఒకటే: ఏ పనినైనా పది నిమిషాలు ముట్టుకుని చూసి, తెలిసిపోయిందనుకోకండి. ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాను. ఎక్కితే రెండు రోజులైనా ఒంటె మీద తిరగండి, లేదంటే దాన్ని వదిలేయండి అని.

2011 డిసెంబరులో నేను అలా తిరిగాను. జైసల్మేర్‌కు నైరుతి దిక్కున ఖూరీ అనే ఊరుంది. అక్కడి నుంచి బయల్దేరి రెండు పగళ్లు, మధ్యలో ఒక రాత్రి. నేనూ, ఒంటె, దాని యజమాని, అంతే. ఆయన సగం దూరం తాడు పట్టుకుని నడిచాడు, సగం దూరం నా వెనక కూర్చున్నాడు.

ఒంటె లేవడం మూడు దఫాలుగా జరుగుతుంది. ముందు మోకాళ్ల మీదికి కాస్త లేస్తుంది. ఆ వెంటనే వెనక కాళ్లు ఒక్క ఊపున చాపుతుంది, మనం దాని మెడ మీదికి జారిపోబోతాం. చివరికి ముందు కాళ్లు నిలబెడుతుంది, అప్పుడు వెనక్కి విసిరినట్టవుతుంది. మొదటిసారి నేను భయంతో ముందుకు వంగి జీను కొయ్యను కావిలించుకున్నాను. ఆయన ఒంటెను మళ్లీ కూర్చోబెట్టి, వెనక్కి వాలమని చేత్తో చూపించాడు. నాకు సరిగ్గా వచ్చేదాకా అలా మూడుసార్లు లేపాడు, కూర్చోబెట్టాడు.

నడక మొదలయ్యాక ఇంకో పాఠం. ఒంటె కుడివైపు కాళ్లు రెండూ ఒకసారి, ఎడమవైపు రెండూ ఒకసారి వేస్తుంది. అందుకే పైనున్న మనిషి పడవలో ఉన్నట్టు ఊగుతాడు. ఆ ఊపును ఆపాలని తొడలు బిగిస్తే సాయంత్రానికి దిగి నిలబడలేం. నడుం వదులుగా పెట్టి, దాని ఊపునే మన ఊపు చేసుకోవాలి. ముక్కుకు రెండు పక్కలా గుచ్చిన చిన్న కొయ్యలకు తాడు కడతారు. అక్కడ దాన్ని నకేల్ అంటారు. మన ఎద్దుల ముకుతాడులాంటిదే అనుకోండి. ఆ తాడు నా చేతికిస్తూ ఆయన చెప్పిన మాట: ఇది లాగడానికి కాదు, ఊరికే ఉందని ఒంటెకు తెలియడానికి.

అప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు. ధాన్యం బస్తాలు వేసేటప్పుడు ఆయన బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగేవాడు. ముందు బరువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక బరువైతే కాడి పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. ఒక్క బస్తా జానెడు అటూ ఇటూ జరిపితే చాలు, ఎద్దు నడక మారిపోయేది. చిన్నప్పుడు నేను బండి తోకన కూర్చుంటే, “నువ్వూ బరువువే తల్లీ, కాస్త ముందుకు జరుగు” అనేవాడు. బండి తోలడం నేర్చుకున్న రోజులన్నీ గుర్తున్నాయి కానీ, బండిలో సరిగా కూర్చోవడం కూడా ఆయనే నేర్పాడన్న సంగతి ఖూరీ ఇసుకలోనే తట్టింది. ఒంటె మీద యాత్రికుడు రౌతు కాడు. ఆ పనితనం తాడు పట్టినవాడిది. ఒంటెకు నొప్పి కలగని బరువుగా కూర్చోవడం ఒక్కటే మన వంతు.

మధ్యాహ్నం ఎండలో ఒక చెట్టు కింద ఆగాం. అక్కడివాళ్లకు అది ఖేజ్రీ. కొమ్మ దగ్గరికి వెళ్లి చూసి, జమ్మి అని గట్టిగా పైకే అనేశాను. దసరా నాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టే ఆకు! ఒంటె పొడవాటి మెడ చాపి, ముళ్లున్న కొమ్మను పెదాలతో తడిమి, ఆ ఆకే దూసుకుని తింటోంది. రాత్రి సజ్జ రొట్టెల్లోకి ఆయన వండిన సాంగ్రీ కూర కూడా ఆ చెట్టు కాయలతోనే. రాజస్థాన్‌కు అది రాష్ట్ర వృక్షం, ఇటు తెలంగాణకూ అదే.

ఆ రాత్రి మంట దగ్గర కూర్చుని, సమ్‌లో జరిగే సాయంత్రపు సవారీలంటే నాకు గిట్టదని ఆయనతో అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఈ రెండు రోజులూ మీకు బాగుంటాయి, దీదీ. దీనికి ఆ చిన్న సవారీలే మేలు. రాత్రికి ఇంటికొస్తుంది, దాని తొట్టిలో నీళ్లు తాగుతుంది. చలికాలం నాలుగైదు నెలలే జనం వస్తారు. ఎండాకాలం మేత అప్పుడే సంపాదించుకోవాలి” అన్నాడు. ఆ రోజు ఆ మాట ఒప్పుకోలేదు నేను.

ఈ వారం లెక్కలు తిరగేశాను. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఒంటెలు దాదాపు 4 లక్షలు. 2019కి వచ్చేసరికి 2.5 లక్షలు. దుక్కి ట్రాక్టరుకు పోయింది, బరువులు లారీలకు పోయాయి. రాజస్థాన్ 2014లో ఒంటెను రాష్ట్ర జంతువును చేసింది. 2015లో వధను నిషేధించి, రాష్ట్రం దాటించడానికి ఆంక్షలు పెట్టే చట్టం తెచ్చింది. కాపాడాలనే తెచ్చారు. కానీ కొనేవాళ్లు తగ్గి మగ ఒంటె పిల్లలకు ధర పడిపోయిందని పెంచేవాళ్లు మొత్తుకుంటున్నారు. పార్వతి మట్టితో బొమ్మ చేస్తే శివుడు ప్రాణం పోశాడని, ఆ ఒంటెను కాయడానికే తమను పుట్టించాడని చెప్పుకునే రైకాల పిల్లలు ఇప్పుడు మందలు వదిలి పట్నాల్లో కూలి వెతుక్కుంటున్నారు.

అలాంటి చోట ఒంటెకు ఇంకా పనీ మేతా ఇస్తున్నవాటిలో, నేను ఇన్నేళ్లూ చిన్నచూపు చూసిన ఆ ఇరవై నిమిషాల సవారీ ఒకటి. నేను రెండు రోజులు తిరిగింది నా ముచ్చట కోసం. మా పిల్ల నడుం పట్టేసిన ఆ సాయంత్రం ఎవరో ఒకరి ఒంటెకు మేతైంది. వద్దని రాద్దామని కూర్చున్న చేత్తోనే, వెళ్లి ఎక్కండి అని రాస్తున్నాను. ఒకే ఒంటె మీద ముగ్గురు మాత్రం ఎక్కకండి.

నిన్న రాత్రి ఆ వీడియో మళ్లీ పెట్టించాను. ఒంటె లేచే చోట ఆపాం. పిల్ల అచ్చం నాలాగే ముందుకు వంగి, కళ్లు మూసుకుని కొయ్యను పట్టుకుంది. సోఫా చేతి మీద కూర్చోబెట్టి ఎప్పుడు వెనక్కి వాలాలో, నడుం ఎలా వదలాలో చూపించాను. వీడియో చివర్లో ఒంటె ఒక పక్కకు వెళ్లి, ముళ్లకొమ్మ ఒకటి అందుకుని ఆకు దూస్తోంది.

“అదేం చెట్టత్తా?” అంది.

“జమ్మి” అన్నాను.